కౌంటర్ ఒకచోట, నిర్ణయం మరోచోట: కాన్సులర్ సేవల మీద విసుగు ఎక్కడ పుడుతోంది?

పాస్‌పోర్ట్ గడువు తీరడానికి ఇంకా నాలుగు నెలలుంది. స్వదేశంలో ఉన్నవారికి అది తొందరపడాల్సిన విషయం కాదు. పరాయి దేశంలో బతుకుతున్నవారికి మాత్రం అప్పటికే ఆలస్యమైపోయినట్టు లెక్క. తమ దేశంలోకి వచ్చేవారి పాస్‌పోర్ట్‌కి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి కాబట్టి, ప్రయాణానికి ఆ పాస్‌పోర్ట్ సగం పనికిరానిదే. నివాస అనుమతి పొడిగించాలంటే పాస్‌పోర్ట్ కావాలి. ఉద్యోగం నిలవాలంటే నివాస అనుమతి కావాలి. జీతం పడే బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, పిల్లల చదువు, ఆరోగ్య బీమా అన్నీ ఆ అనుమతిని పట్టుకునే ఉంటాయి. ఇంత టెన్షన్‌లో, ఆ దేశంలో సొంత ప్రభుత్వం తరఫున పనిచేసే కాన్సులేట్ వెబ్‌సైట్ తెరిస్తే అపాయింట్‌మెంట్ స్లాట్లు లేవని కనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే లేచి చూసినా అదే. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు మళ్లీ ఆ వెబ్‌సైటే చూడమంటుంది.

ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2024 నాటికి పుట్టిన దేశం వదిలి వేరే దేశంలో ఉంటున్నవారు 30 కోట్ల 40 లక్షల మంది. వీరిలో చాలామందికి ఏదో ఒక రోజు సొంత దేశపు కాన్సులేట్‌తో పని పడుతుంది. విచిత్రమేమిటంటే, ఏ దేశం వాళ్లు చెప్పినా ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. అపాయింట్‌మెంట్ దొరకదు. ఫోన్ ఎత్తరు. మొదటిసారి సరిపోతుందన్న కాగితం రెండోసారి చాలదంటారు. దరఖాస్తు ఎక్కడుందో చెప్పేవారుండరు. శ్రద్ధగా వింటే వీటన్నిటిలోనూ ఆలస్యం కన్నా ఎక్కువగా బాధపెడుతున్నది జవాబు లేకపోవడమే. మూడు నెలలు పడుతుందని ముందే తెలిస్తే మనిషి ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటాడు. ఎన్నాళ్లో తెలియనప్పుడు ఏ ఏర్పాటూ చేసుకోలేడు. ఆ జవాబు రాకపోవడానికి కారణం కాన్సులర్ వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది: పౌరుడితో మాట్లాడే మనిషికి నిర్ణయం తీసుకునే అధికారం లేదు, అధికారం ఉన్న మనిషి పౌరుడితో మాట్లాడడు.

స్వదేశంలో ఒక ఆఫీసులో పని జరగకపోతే ఇంకో దారి ఉంటుంది. పై అధికారి దగ్గరికి వెళ్లవచ్చు, ప్రజాప్రతినిధిని కలవవచ్చు, మరీ అయితే కోర్టుకు ఎక్కవచ్చు. విదేశంలో ఆ దారులు చాలావరకు మూసుకుపోతాయి. పాస్‌పోర్ట్ ఇవ్వగలిగేది సొంత ప్రభుత్వం ఒక్కటే, ఆ ప్రభుత్వం తరఫున అక్కడ ఉండేది కాన్సులేట్ ఒక్కటే. అది కూడా ఎవరి చిరునామాను బట్టి వారికి కేటాయించిన కాన్సులేట్. పక్క నగరంలో స్లాట్లు ఖాళీగా ఉన్నాయని తెలిసినా అక్కడికి వెళ్లడానికి చాలాసార్లు వీలుండదు.

మరి కాన్సులేట్ నుంచి సేవ పొందడం పౌరుడి హక్కు కాదా? ఇక్కడే చాలామంది అనుకునేదానికీ చట్టానికీ మధ్య పెద్ద దూరం ఉంది.

కాన్సులేట్ల పనికి పునాది 1963 ఏప్రిల్ 24న కుదిరిన వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం. 1967 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి. కాన్సులేట్ ఏమేం చేయవచ్చో దాని 5వ అధికరణ చెబుతుంది: తమ పౌరుల ప్రయోజనాలు కాపాడటం, పాస్‌పోర్టులూ ప్రయాణ పత్రాలూ ఇవ్వడం, నోటరీగానూ పౌర రిజిస్ట్రార్‌గానూ వ్యవహరించడం, చనిపోయినవారి వారసత్వ విషయాల్లో సాయపడటం, మైనర్ల బాగోగులు చూడటం వంటివి. చదివితే చాలా పెద్ద భరోసాలా ఉంటుంది. కానీ ఇది దేశానికీ దేశానికీ మధ్య ఒప్పందం. మా గడ్డ మీద మీ అధికారులు ఈ పనులు చేసుకోవచ్చని ఆతిథ్య దేశం ఒప్పుకోవడమే దీని సారం. ఆ పనులు ఫలానా పౌరుడికి చేసి తీరాలని సొంత దేశాన్ని ఇది కట్టడి చేయదు.

పౌరుడి తరఫున ఒక దేశం నిలబడినప్పుడు అది తన సొంత హక్కునే వినియోగించుకుంటోందని మావ్రోమాటిస్ కేసులో అప్పటి అంతర్జాతీయ న్యాయస్థానం 1924లోనే చెప్పింది. అంటే హక్కు దేశానిది, బాధ పౌరుడిది. 2004లో దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం ముందుకు కౌండా కేసు వచ్చింది. జింబాబ్వేలో నిర్బంధంలో ఉన్న 69 మంది దక్షిణాఫ్రికా పౌరులు, తమ ప్రభుత్వం తమ కోసం కలగజేసుకునేలా ఆదేశించాలని కోరారు. అలా డిమాండ్ చేసే హక్కు పౌరులకు లేదని కోర్టు తేల్చింది. అయితే సాయం అడిగే హక్కు ఉందని, ఆ విన్నపాన్ని ప్రభుత్వం సరిగా పరిశీలించి తీరాలని కూడా చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు బ్రిటన్ అప్పీలు కోర్టు, అమెరికా గ్వాంటనామోలో నిర్బంధించిన బ్రిటిష్ పౌరుడు అబ్బాసీ కేసులో దాదాపు ఇలాంటి చోటికే చేరింది. అడగవచ్చు, పరిశీలిస్తారు, అంతకు మించి ఆశించడానికి లేదు. నిస్సహాయ స్థితిలో ఉన్న పౌరుడికి సాయం చేయాలని సొంత చట్టంలోనే రాసుకున్న దేశాలూ ఉన్నాయి. జర్మనీ 1974లో చేసిన కాన్సులర్ చట్టం అలాంటిది. అక్కడ కూడా ఇచ్చిన డబ్బు తర్వాత తిరిగి కట్టాల్సిందే.

1963 ఒప్పందంలో పౌరుడికి నేరుగా దక్కిన హక్కు ఒకటుంది. విదేశంలో ఎవరినైనా అరెస్టు చేస్తే, మీ కాన్సులేట్‌కు కబురు పెట్టించుకునే హక్కు మీకుందని ఆలస్యం లేకుండా చెప్పాలని 36వ అధికరణ అంటుంది. అమెరికాలోని అరిజోనాలో కార్ల్, వాల్టర్ లాగ్రాండ్ అనే ఇద్దరు జర్మన్ సోదరులకు ఈ మాట సకాలంలో ఎవరూ చెప్పలేదు. 1999లో ఇద్దరికీ మరణశిక్ష అమలైంది. 2001 జూన్ 27న అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు, 36వ అధికరణ వ్యక్తికి కూడా హక్కు ఇస్తుందని స్పష్టం చేసింది. 2004లో మెక్సికో పౌరుల అవెనా కేసు, 2019లో కుల్‌భూషణ్ జాదవ్ కేసు అదే దారిలో నడిచాయి. గమనించాల్సిందేమిటంటే, ఇది అరెస్టు చేసిన దేశం మీద ఉన్న హక్కు. సొంత కాన్సులేట్ అధికారి జైలుకు రాకపోతే, వచ్చినా మళ్లీ తిరిగి చూడకపోతే, ఈ తీర్పులు పెద్దగా అక్కరకు రావు.

కాన్సులేట్ ఏమి చేయలేదో కూడా ఇదే ఒప్పందంలో ఉంది. స్థానిక చట్టాలను గౌరవించాలని, ఆ దేశపు అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకూడదని 55వ అధికరణ చెబుతుంది. కాబట్టి జైలు నుంచి విడిపించడం, స్థానిక కోర్టు తీర్పు మార్పించడం, యజమాని చేత బలవంతంగా జీతం ఇప్పించడం కాన్సులేట్ చేతిలో లేవు. లాయర్ల జాబితా ఇవ్వగలదు, ఇంట్లోవాళ్లకు కబురు చేయగలదు, జైల్లో మనిషిని కలిసి ఆరోగ్యం ఎలా ఉందో అడగగలదు. ఇంతేనా అని కుటుంబం కుంగిపోయేది ఈ విషయం ముందు తెలియకపోవడం వల్లే. ఇవన్నీ వెబ్‌సైట్‌లో ఓ మూల రాసి ఉంచితే చాలదు. మొదటి ఫోన్‌కాల్‌లోనే, ఆ కుటుంబానికి అర్థమయ్యే భాషలో చెప్పాలి.

అరెస్టులు, కేసులు కొద్దిమందికే ఎదురవుతాయి. ఎక్కువమందిని విసిగించేది పాస్‌పోర్ట్ పని. ఇక్కడ ఆలస్యానికి సాంకేతిక కారణం ఒకటుంది, దాని గురించి పెద్దగా మాట్లాడుకోరు. ఒకప్పుడు ఖాళీ పాస్‌పోర్ట్ పుస్తకాలు కాన్సులేట్ బీరువాలోనే ఉండేవి. వివరాలు చేత్తో రాసి, ఫోటో అంటించి, ముద్ర వేసి అక్కడికక్కడే ఇచ్చేవారు. యంత్రం చదవలేని పాస్‌పోర్టులు 2015 నవంబర్ 24 తర్వాత చలామణీలో ఉండకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ గడువు పెట్టింది. ఆ గడువుకు ముందే చాలా దేశాల్లో చిప్ ఉన్న పాస్‌పోర్టులు, వేలిముద్రలు వచ్చాయి. దొంగ పాస్‌పోర్టులు చేయడం కష్టమైంది, అది మంచిదే. కానీ అలాంటి పుస్తకాన్ని ముద్రించే యంత్రాలను ప్రతి కాన్సులేట్‌లో పెట్టడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, ముద్రణను చాలా దేశాలు స్వదేశంలోని ఒకటి రెండు కేంద్రాలకు తరలించాయి. దాంతో కాన్సులేట్ దరఖాస్తు తీసుకుని పంపే చోటుగా మిగిలింది. వేలిముద్రల కోసం మనిషి స్వయంగా రావాలి కాబట్టి ప్రయాణం తప్పదు, పుస్తకం వేరేచోట తయారవుతుంది కాబట్టి ఎదురుచూపూ తప్పదు.

ఈ మార్పు ఎంత ఇబ్బంది పెట్టగలదో బ్రిటన్‌కు 2014లో తెలిసొచ్చింది. విదేశాల్లోని బ్రిటిష్ పౌరుల పాస్‌పోర్ట్ దరఖాస్తులను అంతకుముందు దౌత్య కార్యాలయాలు చూసేవి. ఆ పనిని స్వదేశంలోని పాస్‌పోర్ట్ కార్యాలయానికి మార్చారు. అదే ఏడాది వేసవిలో దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగి, గుట్టలుగా పేరుకుపోయాయి. పుట్టిన బిడ్డను ఇంటికి తెచ్చుకోలేక, ఉద్యోగానికి వెళ్లలేక విదేశాల్లో కుటుంబాలు ఆగిపోయాయి. చివరికి విషయం పార్లమెంటులో చర్చకు వచ్చింది.

రెండో పెద్ద మార్పు అవుట్‌సోర్సింగ్, అంటే దరఖాస్తులు తీసుకునే పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించడం. అలాంటి కంపెనీల్లో ఒకటైన వీఎఫ్ఎస్ గ్లోబల్ 2001లో ముంబైలో అమెరికా వీసా దరఖాస్తుల స్వీకరణతో మొదలైంది. కాగితాలు సరిచూసి తీసుకోవడం, ఫీజు వసూలు చేయడం, ఫోటో, వేలిముద్రలు సేకరించడం కంపెనీ పని. మంజూరు చేయాలో వద్దో తేల్చడం ప్రభుత్వం పని. పరాయి దేశస్థుల వీసాలకు పుట్టిన ఈ ఏర్పాటు తర్వాత సొంత పౌరుల పాస్‌పోర్టులకు, ధ్రువపత్రాలకు కూడా వచ్చింది. దీనివల్ల మేలు లేకపోలేదు. కాన్సులేట్ లేని నగరాల్లో కూడా కేంద్రాలు తెరుచుకున్నాయి, ఎండలో వానలో గేటు బయట నిలబడే పరిస్థితి తగ్గింది.

కానీ కౌంటర్ అవతల కూర్చున్న ఉద్యోగి చేతిలో ఉండేది ఒక చెక్‌లిస్ట్ మాత్రమే. జీవితాలు చెక్‌లిస్ట్ ప్రకారం నడవవు. భర్త నుంచి విడిపోయి, బిడ్డ పాస్‌పోర్ట్ కోసం తండ్రి సంతకం తేలేని తల్లి వస్తుంది. యజమాని పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోవడంతో పాత నంబరు కూడా గుర్తులేని కార్మికుడు వస్తాడు. ఇంటిపేరు పద్ధతి లేని సమాజంలో పుట్టి, ఒక కాగితంలో ఒక్క పేరే, మరోదాంట్లో రెండు పేర్లు ఉన్న మనిషి వస్తాడు. వీళ్ల సమస్యకు పరిష్కారం లేక కాదు. మామూలు నిబంధన వర్తించని కేసుల్లో ఏం చేయాలో తేల్చే అధికారం చాలా కాన్సులేట్లలో ఒక అధికారికి ఉంటుంది. ఆ అధికారి మాత్రం కౌంటర్ దగ్గర ఉండరు. కౌంటర్ ఉద్యోగి లిస్ట్‌లో లేదని చెప్పి వెనక్కి పంపుతాడు. కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఫైలు కాన్సులేట్ దగ్గరుందంటారు. కాన్సులేట్‌కు ఫోన్ చేస్తే కంపెనీని అడగమంటారు. ఆన్‌లైన్ స్టేటస్‌లో ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క ముక్క వారాల తరబడి మారదు.

ఇలాంటి కంపెనీతో ప్రభుత్వం కుదుర్చుకున్న ఒప్పందంలో ఏది కొలిస్తే అదే మెరుగుపడుతుంది. కేంద్రంలో ఎన్ని నిమిషాలు కూర్చోవాల్సి వచ్చిందన్నది కొలిస్తే కుర్చీలు, టోకెన్లు బాగుపడతాయి. ఒకే మనిషి ఒకే పనికి ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చిందన్నది కొలవకపోతే ఆ తిరుగుడు ఎప్పటికీ తగ్గదు. నాలుగు వందల కిలోమీటర్ల దూరం నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాడిని ఒక ఫోటోకాపీ కోసం వెనక్కి పంపితే, ఆ రోజు జీతం ఎవరి లెక్కలోకీ రాదు. పైగా స్లాట్ల కొరత ఉన్నచోటల్లా దళారులు పుడతారు. ఉచితంగా దొరకాల్సిన అపాయింట్‌మెంట్లను ముందే పట్టేసి అమ్ముకుంటారు. ఇది చిన్న మోసంలా కనిపించినా, డబ్బు లేనివాడిని వరుసలో చివరికి నెట్టేసే అన్యాయం.

ధ్రువపత్రాల సంగతి ఇంకో రకం. ఒక దేశపు కాగితాన్ని మరో దేశం నమ్మాలంటే పూర్వం నోటరీ నుంచి విదేశాంగ శాఖకు, అక్కడి నుంచి రాయబార కార్యాలయానికి ముద్ర మీద ముద్ర వేయించుకుంటూ తిరగాల్సి వచ్చేది. దానికి బదులు ఒక్క అపోస్టిల్ ముద్ర చాలని 1961 అక్టోబర్ 5న కుదిరిన హేగ్ ఒప్పందం చెప్పింది. ఇప్పుడు అందులో 120కి పైగా దేశాలున్నాయి. చైనా 2023 నవంబర్‌లో, కెనడా 2024 జనవరిలో వచ్చి చేరాయి. అయితే ఒక చిక్కుంది. కాన్సులర్ అధికారులు తయారుచేసిన పత్రాలకు ఈ ఒప్పందం వర్తించదని అందులోనే రాసి ఉంది. కాన్సులేట్ ఇచ్చిన జనన ధ్రువపత్రాన్ని స్థానిక కార్యాలయానికి తీసుకెళ్తే వాళ్లు అపోస్టిల్ ఏదని అడుగుతారు. కాన్సులేట్‌కు వెళితే తమ పత్రానికి అపోస్టిల్ ఉండదంటారు. ఇద్దరు చెప్పేదీ రూల్స్ ప్రకారం సరైనదే. మధ్యలో ఉన్న మనిషికి మాత్రం రెండు బస్సు టిక్కెట్లు, రెండు సెలవులు ఖర్చు. ఈ మినహాయింపు గురించి స్థానిక కార్యాలయానికి చూపించుకోవడానికి కాన్సులేట్ ఒక పేజీ లేఖ ఇస్తే చాలావరకు తీరిపోయే సమస్య ఇది.

పెన్షన్ తీసుకునే వృద్ధులు బతికే ఉన్నామని ఏటా నిరూపించుకోవాల్సిన పనీ చాలాచోట్ల కాన్సులేట్‌కే చేరుతుంది. మంచం దిగలేని మనిషిని కౌంటర్ దాకా రమ్మనడం కన్నా, స్థానిక డాక్టర్ సంతకాన్నో వీడియో కాల్‌నో అంగీకరించడం మర్యాద.

దూరం గురించి చెప్పాలంటే, చిన్న దేశాలు ఒకే రాయబార కార్యాలయంతో ఐదారు దేశాలను చూసుకుంటాయి. మిగతా చోట్ల గౌరవ కాన్సుల్స్ ఉంటారు. వీరు చాలావరకు జీతం లేకుండా పనిచేసే స్థానిక ప్రముఖులు. ఒక ధ్రువీకరణకో, అత్యవసరంలో ఒక ఫోన్‌కాల్‌కో పనికొస్తారు గానీ అన్ని అధికారాలూ వారికి ఉండవు. అమెరికాలో సుమారు 50 కాన్సులేట్లున్న మెక్సికో, అవీ చాలక సిబ్బందిని, పరికరాలను ఊరూరికీ తీసుకెళ్లే సంచార కాన్సులేట్లు నడుపుతోంది. యూరోపియన్ యూనియన్ మరో దారి పట్టింది. తన దేశపు కార్యాలయం లేనిచోట చిక్కుకున్న యూనియన్ పౌరుడు మరో సభ్యదేశపు కాన్సులేట్‌కు వెళ్తే, సొంత పౌరుడిలాగే చూడాలని 2015 నాటి ఆదేశం చెబుతుంది. అది 2018 మే నుంచి అమలులోకి వచ్చింది. కార్యాలయాలు తక్కువున్న ఇతర ప్రాంతాల దేశాలు ఇలాంటి ఒప్పందాలు చేసుకోవడానికి 1963 ఒప్పందం అడ్డు చెప్పదు. ఆతిథ్య దేశం అభ్యంతరం చెప్పకపోతే, మూడో దేశం తరఫున కాన్సులర్ పనులు చేయవచ్చని 8వ అధికరణ అంటుంది.

అన్నిటికన్నా గుండె బరువెక్కేది మరణం విషయంలో. విదేశంలో ఒక మనిషి చనిపోతే, ఆ సమాచారం స్థానిక అధికారుల దగ్గరుంటే ఆలస్యం లేకుండా కాన్సులేట్‌కు చెప్పాలని 37వ అధికరణ చెబుతుంది. తర్వాత మొదలయ్యేది కాగితాల వరుస: స్థానిక డెత్ సర్టిఫికెట్, పోలీసు అనుమతి, పోస్ట్‌మార్టం అయితే దాని నివేదిక, దేహాన్ని భద్రపరిచినట్టు ధ్రువపత్రం, పాస్‌పోర్ట్ రద్దు, కాన్సులేట్ అనుమతి, విమాన సంస్థ బుకింగ్. ఒక్కోటి ఒక్కో ఆఫీసు. వారాంతపు సెలవు మధ్యలో పడితే అన్నీ ఆగుతాయి. ఎక్కడో దూరాన ఇంట్లో పొయ్యి వెలిగించకుండా కూర్చున్నవాళ్లకు ఎప్పుడొస్తారు అన్న ఒక్క ప్రశ్నే ఉంటుంది. ఈ పనిలో ప్రతి రోజూ ఒకే అధికారి ఫోన్ చేసి ఇవాళ ఏమైందో, రేపు ఏమవుతుందో చెబితే ఆ కుటుంబానికి అదే కొండంత ధైర్యం. చాలామందికి ఆ పని చేసేది కాన్సులేట్ కాదు, అక్కడి తోటి దేశస్థుల సంఘం కార్యకర్తలు. వాళ్ల సేవకు దండం పెట్టాలి. అయినా అది ప్రభుత్వం చేయాల్సిన పని.

రెండు పౌరసత్వాలున్నవారి కష్టం మరోలా ఉంటుంది. ఒక వ్యక్తి రెండు దేశాల పౌరుడైతే, ఒక దేశానికి వ్యతిరేకంగా రెండో దేశం అతనికి దౌత్య రక్షణ ఇవ్వకూడదని 1930 నాటి హేగ్ ఒప్పందం చెప్పింది. ఈ ఆలోచన ఇప్పుడు కొంత సడలినా, రెండో పౌరసత్వాన్ని గుర్తించని దేశాలు అలాంటివారిని అరెస్టు చేసినప్పుడు ఆ రెండో దేశపు అధికారిని కలవనివ్వకపోవడం ఇప్పటికీ జరుగుతోంది.

ఇన్ని సమస్యలు ఇన్నేళ్లుగా ఎందుకు మిగిలిపోయాయి? సిబ్బంది కొరత, నిధుల కొరత నిజమే. దౌత్య అధికారులకు కొన్నేళ్లకోసారి బదిలీ అవుతుంది కాబట్టి స్థానిక పరిస్థితి అర్థమయ్యేసరికి వెళ్లిపోతారన్నదీ నిజమే. కానీ అసలు కారణం రాజకీయంగా విదేశాల్లో ఉండేవారి మాటకు బరువు లేకపోవడం. చాలా దేశాల్లో విదేశాల్లోని పౌరులకు ఓటు వేయడం కష్టం లేదా అసాధ్యం. ఓటు లేనివారి క్యూ ఏ మంత్రినీ కలవరపెట్టదు. ఈ బరువు పెరిగినచోట కాన్సులర్ వ్యవస్థ కూడా కదిలింది. 1995 మార్చిలో సింగపూర్‌లో ఇంటిపని చేసే ఫ్లోర్ కాంటెంప్లేసియన్ అనే ఫిలిప్పీన్స్ మహిళకు ఉరిశిక్ష అమలైంది. ఆమెను కాపాడటానికి ప్రభుత్వం చేయాల్సింది చేయలేదన్న కోపంతో ఫిలిప్పీన్స్ అట్టుడికింది. మూడు నెలలు తిరక్కుండానే వలస కార్మికుల చట్టం వచ్చింది. విదేశాల్లోని కార్మికుల రక్షణను అది ప్రభుత్వ బాధ్యతగా రాసింది. 2003లో వారికి ఓటు కూడా వచ్చింది. ఫ్రాన్స్ పార్లమెంటు దిగువ సభలో విదేశాల్లోని ఫ్రెంచ్ పౌరులకు 11 స్థానాలున్నాయి. అపాయింట్‌మెంట్ దొరకని ఓటరు తన ప్రతినిధికి ఉత్తరం రాస్తే, అది మంత్రి బల్ల మీదికి ప్రశ్నగా చేరే దారి అక్కడ ఉంది.

చట్టాలు మారడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. ప్రతి దరఖాస్తూ ఏ దశలో, ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో చూపించడానికి కావలసిన సమాచారం కంప్యూటర్లలో ఇప్పటికే ఉంటుంది, పౌరుడికి చూపించడమే మిగిలింది. వెనక్కి పంపే ప్రతి ఫైలుకూ కారణాన్ని రాతపూర్వకంగా, లోపాలన్నీ ఒకేసారి చెప్పాలి. అవుట్‌సోర్సింగ్ కేంద్రాల్లో కూడా వారంలో కొన్ని గంటలైనా నిర్ణయం తీసుకోగల కాన్సులర్ అధికారి కూర్చోవాలి, చెక్‌లిస్ట్‌కు లొంగని కేసులు నేరుగా వారి దగ్గరికి వెళ్లాలి. రాత్రిపూట అత్యవసర నంబరు ఎత్తేది కాల్ సెంటర్ అయితే, తాత్కాలిక ప్రయాణ పత్రం ఇవ్వగల అధికారికి ఆ కాల్‌ను కలిపే ఏర్పాటు ఉండాలి.

2014 వేసవిలో బ్రిటన్ చివరికి ఏం చేసిందో చూస్తే ఇది అసాధ్యం కాదని తెలుస్తుంది. విదేశాల్లో ఉండి పాస్‌పోర్ట్ రెన్యువల్ కోసం ఎదురుచూస్తున్నవారు తమ పాత పాస్‌పోర్ట్‌నే దగ్గర్లోని దౌత్య కార్యాలయంలో 12 నెలలు ఉచితంగా పొడిగించుకోవచ్చని జూన్‌లో ప్రకటించింది. పిల్లల కోసం అత్యవసర ప్రయాణ పత్రాలు కూడా అక్కడే ఇస్తామంది. కొత్త యంత్రాలేవీ కొనలేదు. స్వదేశానికి తరలించిన అధికారంలో ఒక చిన్న ముక్కను తిరిగి కౌంటర్ వెనక ఉన్న మనిషి చేతికి ఇచ్చింది, అంతే.